అరవై మంది ఉన్న మా సంఘానికి లెక్కల తనిఖీ అవసరమా?

#1 కొత్తకార్యదర్శి

అందరికీ నమస్కారం. మాది అరవై మంది సభ్యులున్న చదువరుల సంఘం. నెలకోసారి కలుస్తాం, ఏడాదికి ఒక పెద్ద సభ పెడతాం. చందాలు, సభ రోజున వచ్చే విరాళాలు, పాత పుస్తకాల అమ్మకం, మా ఆదాయమంతా ఇంతే. హాలు అద్దె, మైకు, కరపత్రాల అచ్చు, ఇవే ఖర్చులు. నాలుగు నెలల క్రితం నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు.

బాధ్యత తీసుకున్నాక మా నియమావళిని మొదటిసారి పూర్తిగా చదివాను. సంఘం లెక్కలను ప్రతి సంవత్సరం స్వతంత్రంగా తనిఖీ చేయించి సర్వసభ్య సమావేశం ముందు ఉంచాలని అందులో స్పష్టంగా ఉంది. గత ఆరేళ్లుగా ఆ పని జరగలేదు. కోశాధికారి గారు ఒక కాగితం మీద ఆదాయం, ఖర్చు, మిగులు రాసుకొచ్చి చదువుతారు. అందరూ చప్పట్లు కొడతారు. అంతటితో సరి. ఆయన పదకొండేళ్లుగా ఈ బాధ్యత మోస్తున్నారు. ఆయన మీద నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు.

వచ్చే సమావేశంలో ఇద్దరు సభ్యులు ఆ నిబంధననే తీసేయాలని ప్రతిపాదించబోతున్నారు. ఇంత చిన్న సంఘానికి ఆడిటర్ ఎందుకు, ఉన్న డబ్బంతా ఆయన ఫీజుకే సరిపోతుందన్నది వాళ్ల మాట. మరొకరు, ఇన్నేళ్ల తర్వాత లెక్కలు చూపమంటే కోశాధికారి గారిని అవమానించినట్టే అంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు. ఇలాంటి సంఘాలు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 చిన్నబృందం

తీసేయండి. సందేహం వద్దు.

మాది పన్నెండు మంది ఆటల బృందం. డబ్బు ఎవరి దగ్గర ఉందో, ఎంత ఉందో అందరికీ తెలుసు. బంతులు కొంటే ఆ సాయంత్రమే అందరూ చూస్తారు. స్థలం అద్దె కడితే మర్నాడు ఆడేది మేమే. తనిఖీ చేయడానికి బయటి మనిషి వచ్చి మాకు తెలియనిది ఏం చెబుతాడు?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పనులకు ముందుకు వచ్చేవాళ్లే తక్కువ. కోశాధికారి పదవి ఎవరూ కోరుకునేది కాదు, బతిమాలితే ఒకరు ఒప్పుకుంటారు. జీతం లేదు, గుర్తింపు లేదు. ఆ మనిషి ముందు వోచర్లు, పట్టికలు, సంతకాల దొంతర పెడితే మరుసటి ఏడాది ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు దొరకరు. కాగితాల బరువుతో చితికిపోయిన చిన్న సంఘాలను నేను చూశాను. మీ కోశాధికారి గారిని పదకొండేళ్లు నమ్మారు. ఆ నమ్మకాన్ని ఇప్పుడు కాగితం మీద కొలవడం ఎందుకు?

#3 నిబంధనప్రకారం

అవసరమా కాదా అన్న చర్చ తర్వాత. ముందు ఒక విషయం. నియమావళిలో ఆ వాక్యం ఉన్నంతకాలం మీరు దాన్ని పాటించాల్సిందే. ఆరేళ్లు పాటించలేదు కాబట్టి అది రద్దయిపోలేదు. రేపు ఎవరితోనైనా వివాదం వస్తే మొదట బయటికి తీసేది ఆ పేజీనే.

తీసేయడానికి ముందు మూడు చోట్ల చూసుకోండి. మీ సంఘం నమోదైనదైతే, మీరున్న చోటి చట్టం లెక్కల గురించి ఏం అడుగుతోంది? మీకు ఎప్పుడైనా గ్రాంటు ఇచ్చిన సంస్థ ఏ షరతు పెట్టింది? బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు మీరు ఇచ్చిన నియమావళి ప్రతిలో ఏముంది? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తనిఖీ కోరినా, సభ్యులంతా చేతులెత్తి తీసేసినా ఆ బాధ్యత పోదు.

#4 పాతఆడిటర్

ముప్పై ఏళ్లు ఈ వృత్తిలో ఉన్నాను కాబట్టి ఒక గందరగోళం తీర్చాలనిపిస్తోంది. మీ నియమావళిలో ఉన్నది స్వతంత్ర తనిఖీ. మీ సభ్యులు భయపడుతున్నది ఆడిట్‌కు. రెండూ ఒకటి కావు.

ఆడిట్ అంటే అర్హత ఉన్న నిపుణుడు ప్రమాణాల ప్రకారం సాక్ష్యాలు సేకరించి, ఈ లెక్కలు వాస్తవ స్థితిని సరిగా చూపుతున్నాయని తన అభిప్రాయం చెప్పడం. దానికి సమయం పడుతుంది, అందుకే ఖర్చు. దానికన్నా తేలికైనది సమీక్ష. నిపుణుడు ప్రశ్నలు అడుగుతాడు, అంకెలను పోల్చి చూస్తాడు, తప్పని అనిపించేది ఏదీ తన దృష్టికి రాలేదని రాసిస్తాడు. ఇంకా తేలికైనది ముందే ఒప్పుకున్న పనులు మాత్రమే చేయడం. ఉదాహరణకు, బ్యాంకు నిల్వ పుస్తకంతో సరిపోయిందా, ఇరవై ఖర్చులకు బిల్లులు ఉన్నాయా అన్నవి చూసి, కనిపించింది కనిపించినట్టు రాస్తాడు. అభిప్రాయం ఇవ్వడు. దీనికి అంతర్జాతీయ ప్రమాణాల్లో 4400 అనే సంఖ్యతో ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది.

చట్టాలకు కూడా ఈ తేడా తెలుసు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ధర్మాదాయ సంస్థలకు ఆదాయాన్ని బట్టి మెట్లు పెట్టారు. పెద్దవాటికి ఆడిట్, మధ్యరకం వాటికి స్వతంత్ర పరిశీలన, మరీ చిన్నవాటికి చట్టం తరఫున ఏదీ లేదు. ఆ పరిశీలకుడు వృత్తి నిపుణుడే కానక్కరలేదు, సంస్థకు సంబంధం లేనివాడై, ఆ పని చేయగల సామర్థ్యం, అనుభవం ఉన్నవాడై ఉంటే చాలు. ఆదాయం ఒక స్థాయి దాటితే మాత్రం వృత్తి అర్హత కూడా అడుగుతారు.

కాబట్టి మీ ముందున్న ప్రశ్న ఆడిటర్ కావాలా వద్దా అన్నది కాదు. కోశాధికారి కాని మరో జత కళ్లు ఆ పుస్తకం చూడాలా వద్దా అన్నది. నా సమాధానం, తప్పక చూడాలి.

#5 చిన్నబృందం

పాతఆడిటర్ గారూ, తేడా వివరించినందుకు కృతజ్ఞతలు. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. తనిఖీ అన్న మాటలోనే అనుమానం ఉంది. పేరు ఏది పెట్టినా, ఎదుటి మనిషికి వినపడేది అదే.

#6 అమ్మలెక్కలు

ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను. ఈ చర్చ చూశాక ఉండలేకపోయాను.

మా అమ్మ ఒక పాటల సంఘానికి ఎనిమిదేళ్లు కోశాధికారిగా చేసింది. ఆ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ లెక్కలు చూడలేదు. అడిగితే బాగుండదని అందరూ అనుకున్నారు. తొమ్మిదో ఏడు ఆమె తప్పుకుంది. కొత్తగా వచ్చినవాళ్లు సంవత్సరాంతపు నిల్వను బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చారు. అమ్మ పుస్తకంలో ఉన్నదానికన్నా బ్యాంకులో తక్కువ ఉంది. తేడా చిన్నది కాదు, ఒక కచేరీ రోజున వచ్చిన వసూళ్లంత.

ఎవరూ అమ్మను దొంగ అనలేదు. ఆ మాట అనకుండానే ఎన్ని విధాలుగా అనవచ్చో ఆ నాలుగు నెలల్లో చూశాను. ఫోన్లు తగ్గాయి. సాధన రోజు మారిందని ఆమెకు చెప్పలేదు. ఎవరో ఒకావిడ దారిలో ఎదురై, పాపం వయసు మీద పడింది కదా, పొరపాట్లు సహజమే అంది.

రాత్రి పనులన్నీ అయ్యాక అమ్మ పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. ప్రతి పద్దు పక్కనా పెన్సిల్‌తో చిన్న గుర్తు. ఒకసారి పూర్తయితే చెరిపేసి మళ్లీ మొదటి నుంచి. కొన్ని పేజీల్లో కాగితం చెరిపి చెరిపి పలచబడి వెనక రాత కనిపించేది. చివరికి తేడా దొరికింది. ఆ కచేరీ వసూళ్లను ఆమె సంవత్సరం ఆఖరి రోజు సాయంత్రం బ్యాంకులో వేసింది. పుస్తకంలో ఆ రోజే రాసింది. బ్యాంకు రెండు రోజుల తర్వాత జమ చేసింది. కొత్తవాళ్లు ఆ జమను కొత్త సంవత్సరపు ఆదాయం అనుకున్నారు. బ్యాంకులో డబ్బు వేసిన చలానా వేరే నెల వోచర్ల కట్టలో చిక్కుకుపోయి ఉంది.

అందరూ క్షమాపణ చెప్పారు. అమ్మ మళ్లీ ఆ సంఘానికి వెళ్లలేదు. పాడటం కూడా మానేసింది.

ఎనిమిదేళ్లలో ఏటా ఎవరైనా ఒక గంట కూర్చుని చూసి, సరిగా ఉన్నాయని ఒక కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, ఈ తేడా కనబడగానే అందరూ మొదట అనుకునే మాట వేరుగా ఉండేది. చిన్నబృందం గారూ, తనిఖీలో అనుమానం ఉందన్నారు. మా ఇంట్లో అనుమానం వచ్చింది తనిఖీ లేకపోవడం వల్ల.

#7 పదేళ్లకోశాధికారి

అమ్మలెక్కలు గారూ, ఆ చలానా సంగతి చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఆ పని నేనూ చేస్తున్నాను. సంవత్సరాంతంలో బ్యాంకులో వేసిన ప్రతి చలానా ఫొటో తీసి కార్యదర్శికి పంపడం ఈ రోజు నుంచి మొదలుపెడతాను.

#8 సంతకంపెట్టినవాడిని

నాది మరో వైపు కథ. దాచుకోవడంలో అర్థం లేదు కాబట్టి చెబుతున్నాను.

ఒక సంఘానికి వరసగా మూడేళ్లు లెక్కల పరిశీలకుడిగా సంతకం పెట్టాను. కోశాధికారి నాకు బాగా పరిచయస్థుడు. చక్కగా టైపు చేసిన పట్టిక తెచ్చేవాడు. నేను కూడికలు సరిపోయాయో లేదో చూసి, పది నిమిషాల్లో సంతకం పెట్టేవాడిని. నాలుగో ఏడాది హాలు యజమాని సంఘం అధ్యక్షురాలికి ఫోను చేసి, ఏడు నెలల అద్దె బాకీ ఎప్పుడిస్తారని అడిగాడు. పుస్తకంలో ప్రతి నెలా అద్దె ఖర్చు రాసి ఉంది. బ్యాంకు నుంచి ప్రతి నెలా ఆ మొత్తం నగదుగా తీసి ఉంది. యజమానికి మాత్రం చేరలేదు.

అద్దె రసీదులు చూపించమని ఒక్క నెలైనా అడిగి ఉంటే అక్కడే తెలిసిపోయేది. అడగడం మర్యాద కాదనుకున్నాను. ఆ మూడు సంతకాలు ఇప్పటికీ ఆ సంఘం ఫైల్లో ఉన్నాయి. సభ్యులు నా సంతకం చూసి నమ్మారు. ఎవరూ చూడలేదని తెలిస్తే కనీసం జాగ్రత్తగా ఉండేవాళ్లేమో. చూడకుండా పెట్టిన సంతకం, అసలు తనిఖీ లేకపోవడం కన్నా హానికరమని నా అనుభవం.

#9 పదేళ్లకోశాధికారి

కొత్తకార్యదర్శి గారూ, మీ కోశాధికారి గారి స్థానంలో కూర్చుని చెబుతాను. నేను మా సంఘంలో పదేళ్లుగా ఆ పనే చేస్తున్నాను.

మాకు అవమానం అనిపించేది తనిఖీ వల్ల కాదు, అడిగే తీరు వల్ల. సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ ఎవరో లేచి, ఇక నుంచి లెక్కలు చూపించాలి అంటే గుండెలో గుచ్చుకుంటుంది. సమావేశానికి ముందే మీరు ఒక్కరే కోశాధికారి గారి ఇంటికి వెళ్లండి. నియమావళిలోని పేజీ చూపించండి. ఆరేళ్లుగా ఈ పని చేయించకపోవడం కార్యవర్గం తప్పు అని మీరే ముందు ఒప్పుకోండి. నిజం కూడా అదే. తనిఖీ చేయించే బాధ్యత కోశాధికారిది కాదు, కార్యవర్గానిది.

ఇంకొకటి. ఆరేళ్ల లెక్కలూ ఒకేసారి తవ్వకండి. గడచిన సంవత్సరం ఒక్కటి చూడండి. దాని ప్రారంభపు నిల్వ అంతకు ముందటి సంవత్సరం ముగింపు నిల్వతో, ఆ రోజుటి బ్యాంకు నిల్వతో సరిపోతే చాలు. తేడా వస్తేనే వెనక్కి వెళ్లండి.

నా వరకు చెప్పాలంటే, ఏటా మా పరిశీలకురాలు పుస్తకం మూసి, సరిపోయింది అన్నప్పుడు నాకు కలిగే నిశ్చింత ఇంకెవరూ ఇవ్వలేరు. ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది. నమ్మకం సభ్యులకు ఉంటే సరిపోదు, డబ్బు చేతిలో ఉన్న మనిషికి కూడా తన మీద తనకు రుజువు కావాలి.

#10 పాతపద్దులు

ఆడిట్ అనే మాటకు మూలం లాటిన్‌లో వినడం అనే అర్థమున్న ఆడిరే. పూర్వం లెక్కలను పైకి చదివి వినిపించేవారు, అధికారులు విని సరిచూసేవారు. మన భాషలో లెక్క అప్పజెప్పడం అంటాం కదా, ఆ పద్ధతికి చాలా దగ్గర. మీ సంఘంలో చదవడం జరుగుతోంది. వినేవాళ్ల చేతిలో పోల్చుకోవడానికి ఏమీ లేదు, అదొక్కటే లోపం. బ్యాంకు స్టేట్‌మెంటు నకలు ఇద్దరి చేతిలో పెట్టి చదివించినా చాలా తేడా ఉంటుంది.

అంతకు ముందే వర్తకులు వాడుతున్న జంట పద్దు విధానాన్ని ఇటలీ గణితవేత్త లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చువేశాడు. ఆ విధానంలో పుస్తకం తనను తాను సరిచూసుకోగలదు. ఒక వైపు రాసింది రెండో వైపు కూడా ఉండాలి. కానీ రెండు వైపులూ కలిసినంత మాత్రాన డబ్బు పెట్టెలో ఉన్నట్టు కాదు. పుస్తకం బయట ఉన్నదానితో, అంటే బ్యాంకుతో, బిల్లుతో, రసీదుతో పోల్చినప్పుడే తనిఖీ.

పరిశీలించేవాళ్లకు పాత గుమాస్తాల చిట్కా ఒకటి. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో అంకెలు తారుమారై ఉండవచ్చు. 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900. తేడా సరిసంఖ్య అయితే దానిలో సగం మొత్తం కోసం వెతకండి, జమ వైపు రాయాల్సింది ఖర్చు వైపు రాసి ఉండవచ్చు. పొరపాటును వెతకడం తెలిస్తే మనిషిని శంకించే అవసరం చాలా తగ్గుతుంది.

#11 కొత్తకార్యదర్శి

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. అమ్మలెక్కలు గారి మాటలు రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. నిబంధన తీసేయాలన్న ప్రతిపాదనను నేను సమర్థించను, అది తేలిపోయింది.

ఇప్పుడు ఎవరిని అడగాలి? మా సభ్యుల్లో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. లెక్కల్లో దిట్ట, డబ్బు తీసుకోరు. కాకపోతే మా కోశాధికారి గారికి స్వయానా బావమరిది.

#12 పాతఆడిటర్

వద్దు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా వద్దు. తప్పు పట్టకపోతే బంధువు కాబట్టి వదిలేశాడంటారు. తప్పు పడితే ఇంట్లో ఇబ్బంది. ఏ విధంగా చూసినా ఆయన సంతకానికి విలువ ఉండదు, ఆయనకు మనశ్శాంతీ ఉండదు.

కార్యవర్గంలో ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబసభ్యులు, చెక్కుల మీద సంతకం చేసేవాళ్లు, సంఘానికి ఏదైనా అమ్మేవాళ్లు, వీళ్లు కాకూడదు. మామూలు సభ్యులు ఫరవాలేదు, బయటివాళ్లయితే ఇంకా మంచిది. మీ లాంటి మరో చిన్న సంఘం కోశాధికారిని అడిగి చూడండి. వాళ్ల లెక్కలు మీవాళ్లు, మీ లెక్కలు వాళ్లు చూడటం మాత్రం వద్దు. ఒకరినొకరు వదిలేసే ప్రమాదం ఉంటుంది. మూడేళ్లకోసారి మనిషిని మార్చండి.

#13 చిన్నబృందం

అమ్మలెక్కలు గారు రాసింది చదివాక వెంటనే సమాధానం రాయలేకపోయాను. ఆమె అనుభవాన్ని కాదనను.

కానీ ఒక నిజం ఎవరూ చెప్పడం లేదు. సభ రోజు హుండీలో పడిన డబ్బు పుస్తకంలోకి రాకముందే ఎవరైనా కొంత తీసుకుంటే ఏ పరిశీలకుడు పట్టుకుంటాడు? బిల్లు ఉండదు, రసీదు ఉండదు, బ్యాంకులో జాడ ఉండదు. రాసిన లెక్కనే కదా తనిఖీ చేయగలిగేది. మరి సంవత్సరం చివర ఇచ్చే ఆ కాగితం సభ్యులకు లేని ధైర్యం ఇవ్వదా?

#14 పాతఆడిటర్

ఈ చర్చలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మీరన్నది నిజం. పుస్తకంలోకి రాని డబ్బును తర్వాత చేసే తనిఖీ దాదాపు పట్టుకోలేదు. 1896లో కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసులో ఇంగ్లండ్ న్యాయమూర్తి లోప్స్, ఆడిటర్ కాపలా కుక్క మాత్రమే, వాసన పట్టి వేటాడే కుక్క కాదని అన్నారు. ఆ తర్వాత ఆడిటర్ల బాధ్యత పెరిగినా, పరిమితి అనేది ఇప్పటికీ ఉంది.

అందుకే వచ్చే దారిలోనే కాపలా పెట్టాలి. హుండీని ఇద్దరు కలిసి తెరవాలి. అక్కడికక్కడే లెక్కపెట్టి, ఒక చీటీ మీద మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు కార్యవర్గం బయటివాళ్లయితే మంచిది. వచ్చిన నగదులోంచి అక్కడే ఖర్చులు పెట్టకుండా మొత్తం బ్యాంకులో వేయాలి. రసీదు పుస్తకాలకు వరస సంఖ్యలు అచ్చయి ఉండాలి. సంవత్సరం చివర పరిశీలకుడు చూసేది ఈ చీటీలనూ, రసీదు నకళ్లనూ. అవి ఉంటే ఆయన కాగితానికి అర్థం ఉంటుంది.

మరో విషయం కూడా చెబుతాను, ఎవరినీ నొప్పించాలని కాదు. డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త తన చేతికి అప్పగించిన డబ్బు కాజేసి జైలుకు వెళ్లినవాళ్లతో మాట్లాడి, 1953లో తన పరిశోధన ప్రచురించాడు. వాళ్లు నమ్మకస్థులుగా పేరున్నవాళ్లే. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది వచ్చింది. తీసుకునే వీలుంది. అప్పుగా తీసుకుంటున్నాను, మళ్లీ పెట్టేస్తాను అని తమకు తాము చెప్పుకున్నారు. ఈ మూడింటిలో మొదటిదీ, మూడోదీ మన చేతిలో లేవు. వీలు మాత్రం సంఘం చేతిలో ఉంది. మంచి మనిషి కష్టకాలంలో ఉన్నప్పుడు ఆ వీలు లేకుండా చేయడం ఆయనకు చేసే మేలు.

#15 నిబంధనప్రకారం

ఫోను చెల్లింపుల గురించి ఎవరూ ఎత్తలేదు. ఈ మధ్య సంఘాల్లో నేను చూస్తున్న గొడవల్లో ఎక్కువ ఇక్కడే మొదలవుతున్నాయి. సంఘం పేరుతో ఖాతా ఉంటుంది, కానీ సౌకర్యం కోసం చందాలు కోశాధికారి సొంత ఫోను నంబరుకు పంపిస్తారు. ఆయన జీతం, ఇంటి ఖర్చులు, సంఘం చందాలు అన్నీ ఒకే స్టేట్‌మెంటులో. పరిశీలించాలంటే ఆయన సొంత జీవితమంతా తెరిచి చూడాలి. ఎవరు ఒప్పుకుంటారు? ఎందుకు ఒప్పుకోవాలి? ఇక్కడ తనిఖీ నిజంగానే అవమానమవుతుంది.

సంఘం డబ్బు సంఘం ఖాతాలోకే రావాలి. డబ్బు పంపడానికి ఇద్దరి అనుమతి కావాలి. స్టేట్‌మెంటు కోశాధికారి ద్వారా కాకుండా మరో పదాధికారికి కూడా నేరుగా రావాలి. ఈ ఏర్పాటుకు ఖర్చేమీ కాదు.

#16 చిన్నబృందం

మా చందాలు ఆరేళ్లుగా నా ఫోనుకే వస్తున్నాయి.

#17 కొత్తకార్యదర్శి

ఐదు వారాల తర్వాత వస్తున్నాను. జరిగింది చెప్పడం నా బాధ్యత అనిపించింది.

పదేళ్లకోశాధికారి గారు చెప్పినట్టే ముందు కోశాధికారి గారి ఇంటికి వెళ్లాను. తప్పు కార్యవర్గానిదేనని చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. వారం రోజులు నా ఫోను ఎత్తలేదు. ఆ వారం నాకు చాలా కష్టంగా గడిచింది. ఎనిమిదో రోజు ఆయనే ఒక గుడ్డ సంచీ తీసుకుని వచ్చి, పుస్తకాలు, రసీదు నకళ్లు, బిల్లులు బల్ల మీద పెట్టి, ఎక్కడ సంతకం పెట్టాలి అన్నారు.

మా సభ్యురాలు కాని, ఒక కార్యాలయంలో చాలా ఏళ్లు పద్దులు రాసిన ఆవిడ ఒప్పుకున్నారు. రెండు సాయంత్రాలు పట్టింది. ఆవిడ మొదట అడిగింది మా పట్టిక కాదు, బ్యాంకు నుంచి నేరుగా తెచ్చిన సంవత్సరం స్టేట్‌మెంటు. ఒక చోట 4,500 తేడా వచ్చింది. నేను కాగితం మీద 9తో భాగించి చూశాను. 7,200 ఖర్చును 2,700గా రాశారు. 143వ నంబరు రసీదు కనబడలేదు. తప్పు రాసి చించి పారేశానని కోశాధికారి గారికి గుర్తుంది. రద్దు చేసిన రసీదును కూడా నకలుతో కలిపి పుస్తకంలోనే ఉంచాలని ఆవిడ చెప్పారు. ఆయన వైపు నుంచి దొరికినవి ఈ రెండే.

అసలు సంగతి వేరే. మూడు పెద్ద ఖర్చులకు కార్యవర్గం తీర్మానం లేదు. పూర్వ అధ్యక్షుడు ఫోనులో సరే అంటే కోశాధికారి గారు కట్టేశారు. బిల్లులు ఉన్నాయి, మినిట్స్ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఇంకా పెద్దది, మా డిపాజిట్ ఇప్పటికీ ఇద్దరు మాజీ పదాధికారుల పేర్ల మీదే ఉంది. వాళ్లలో ఒకరు ఊరు వదిలి చాలా కాలమైంది. గడువు తీరిన ప్రతిసారీ దానంతట అదే కొత్తదవుతూ వస్తోంది. ఇవాళ అవసరం పడితే ఆ డబ్బు మేం తీసుకోలేం. తలా పాపం తిలా పిడికెడు అన్నట్టు ఇందులో మా అందరి భాగం ఉంది, కోశాధికారి గారిది తప్ప. డిపాజిట్ సంగతి నాలుగేళ్ల క్రితమే ఆయన కార్యవర్గానికి ఉత్తరం రాశారు. దాని నకలు ఆ సంచీలోనే ఉంది.

సర్వసభ్య సమావేశంలో నివేదికను ఆవిడే చదివారు. నిబంధన తీసేయాలన్న ప్రతిపాదన వీగిపోయింది. తనిఖీ ఎవరు చేయకూడదో దానికి కొత్తగా చేర్చాం. నలుగురు వ్యతిరేకంగా ఓటేశారు, అది వాళ్ల హక్కు. కోశాధికారి గారు మరో ఏడాది ఉంటానన్నారు.

#18 పదేళ్లకోశాధికారి

ఆ ఉత్తరం సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అలాంటివి నా దగ్గరా రెండున్నాయి. సంతకాల మార్పుకు బ్యాంకు కార్యవర్గ తీర్మానం ప్రతి అడుగుతుంది. పాతవాళ్లు ఇద్దరూ రాజీనామా లేదా విడుదల ఉత్తరం రాసిస్తే పని త్వరగా అవుతుంది. ఊరు వదిలిన ఆయనను ఇప్పుడే వెతకండి.

#19 చిన్నబృందం

మా పన్నెండు మందికి బయటి పరిశీలకుడు అవసరం లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఈ వారమే బృందం పేరుతో ఖాతా తెరుస్తున్నాం. ఆరేళ్ల చందాలను నా సొంత స్టేట్‌మెంట్లలోంచి ఒక్కొక్కటే ఏరి పుస్తకంలో రాస్తున్నాను. నాలుగు రోజులుగా ఇదే పని. రాయడం పూర్తయ్యాక మా పన్నెండు మందిలో ఒకరిని చూడమని నేనే అడుగుతాను.

#20 అమ్మలెక్కలు

కొత్తకార్యదర్శి గారూ, ఒక చిన్న మనవి. ఆ పరిశీలకురాలు సంతకం పెట్టిన నివేదికను విడి కాగితంగా ఫైల్లో పెట్టకండి. మినిట్స్ పుస్తకంలో అతికించి, పక్కన తేదీ వేసి, అధ్యక్షుల సంతకం తీసుకోండి. ఒక నకలు మీ కోశాధికారి గారికి ఇవ్వండి. ఆయన ఇంట్లో ఉండాలి.